గడ్డ పెరిగిందా, వాచిందా? మంచునీళ్ల డబ్బాతో మొదలైన లెక్క

"కరెంటు పెట్టినాక గడ్డ ఇంకా పెద్దదైందని రాసినారంట సార్. మరి మేము నెలన్నర దినాలు తిరిగింది దేనికి?"

పత్తికొండ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక ఇల్లాలు, భర్త స్కానింగ్ రిపోర్టును నా బల్లమీద పెట్టి అడిగిన ప్రశ్న ఇది. కరెంటు అంటే ఆమె మాటలో రేడియేషన్. నేను డాక్టరును కాను. కర్నూలులో ఒక ఆసుపత్రి రేడియోథెరపీ విభాగంలో మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేస్తున్నాను. అంటే కిరణం ఎంత, ఎక్కడ, ఏ కోణం నుంచి పడాలో లెక్కగట్టడం, ఆ లెక్క యంత్రంలో నిజంగా అమలవుతోందో లేదో సరిచూడడం నా పని. రోగులతో మాట్లాడే అవసరం నాకు పెద్దగా ఉండదు. అయితే ముప్పై రోజులు ఒకే తలుపు ముందు బెంచీ మీద కూర్చున్నవారికి ఆ తలుపులోంచి వచ్చే ప్రతి మనిషీ డాక్టరులాగే కనిపిస్తాడు. ఆమెను డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లి కూర్చోబెట్టాను గాని, ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. దానికి జవాబు వెదకబోయి చదివినవీ, చేసి చూసినవీ ఇక్కడ రాస్తున్నాను.

ఆమె భర్తకు ఉన్నది గ్లయోబ్లాస్టోమా, పెద్దలకు మెదడులో పుట్టే కణితులలో చాలా మొండిది. శస్త్రచికిత్సలో తీయగలిగినంత తీసివేసిన తర్వాత, ఆరు వారాలలో 30 సిట్టింగులుగా 60 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ ఇస్తారు. దానితోపాటు రోజూ టెమొజోలొమైడ్ అనే కీమోథెరపీ మాత్ర ఉంటుంది. 2005లో రోజర్ స్టుప్, ఆయన సహచరులు 573 మంది రోగుల మీద జరిపిన పరిశోధనను ప్రచురించినప్పటి నుంచి ఇదే ప్రామాణిక చికిత్స. కిరణాలు మాత్రమే తీసుకున్నవారిలో మధ్యస్థ జీవితకాలం 12.1 నెలలు కాగా, మాత్ర కూడా తీసుకున్నవారిలో 14.6 నెలలు అయింది. రెండేళ్లకు బతికి ఉన్నవారు నూటికి 10.4 నుంచి 26.5కు పెరిగారు. ఈ అంకెలను ఆమెకు నేను చెప్పలేదు. ఇక్కడ రాయడం ఎందుకంటే, ఇంత తక్కువ కాలం చేతిలో ఉన్న రోగంలో రెండు మూడు నెలలు "చూద్దాం, ఆగుదాం" అనడం ఎంత ఖరీదైనదో ఆ అంకెలే చెబుతాయి.

అయినా ఆగవలసే వస్తోంది. చికిత్స ముగిసిన నెలకు తీసిన ఎంఆర్ఐలో గడ్డ ఉన్నచోట తెల్లని వెలుగు మునుపటికంటే పెద్దదిగా కనిపించినంత మాత్రాన రోగం ముదిరిందని కాదు. నరానికి ఎక్కించే గడోలినియం మందు ఆరోగ్యంగా ఉన్న మెదడులోకి రక్తనాళాలు దాటి పోలేదు. కణితి ఉన్నచోట నాళాల గోడలు చెడి ఉంటాయి కనుక అక్కడ మందు బయటికి ఊరి, చిత్రంలో తెల్లగా కనబడుతుంది. కిరణాలు, మాత్ర రెండూ కలిసి చావవలసిన కణాలను చంపుతున్నప్పుడు కూడా అవే గోడలు దెబ్బతిని, వాపు వచ్చి, అదే తెల్లదనం వస్తుంది. ఈ చికిత్స పొందినవారిలో నూటికి 20 నుంచి 30 మందికి ఇలా జరుగుతుందని అంచనా. దీనికి సూడోప్రోగ్రెషన్ అని పేరు. మన మాటలో దొంగ పెరుగుదల అనవచ్చు. రిపోర్టు రాసిన రేడియాలజిస్టు తప్పు రాయలేదు, కంటికి కనిపించింది రాశాడు. మెదడు కణితి చికిత్సకు లొంగిందో లేదో తేల్చడానికి 2010లో వచ్చిన రానో ప్రమాణాలు సైతం, రేడియోథెరపీ ముగిసిన 12 వారాల లోపల, ఎక్కువ మోతాదు పడిన ప్రాంతంలో కనిపించిన పెరుగుదలను బయాప్సీ రుజువు లేకుండా నిజమైన పెరుగుదలగా లెక్కించవద్దనే చెప్పాయి. 2023లో వాటిని సవరించినప్పుడు, చికిత్సకు ముందు తీసిన స్కాన్‌ను కాక చికిత్స తర్వాత తీసిన స్కాన్‌నే పోలికకు మొదటి మెట్టుగా పెట్టుకోవాలని అన్నారు. ఇవన్నీ తొందరపడి మందు మార్చకుండా కాపాడే నియమాలు. లోపల ఏం జరుగుతోందో ఇవి చెప్పవు.

ఇక నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. ముప్పై సిట్టింగులూ అయిపోయాక, ఆపైన మూడు నెలలు ఆగి తెలుసుకునేదాన్ని పదిహేనో సిట్టింగు నాడే తెలుసుకోలేమా? కణితి లొంగుతోందో లేదో మూడో వారంలోనే తెలిస్తే, లొంగనిచోట మోతాదు పెంచవచ్చు, మందు మార్చవచ్చు, కనీసం ఆ కుటుంబానికి నిజం చెప్పవచ్చు. క్వాంటిటేటివ్ ఎంఆర్ఐ, అంటే బొమ్మ తీసే ఎంఆర్ఐని కొలిచే ఎంఆర్ఐగా మార్చే ప్రయత్నం, చాలావరకు ఈ ఆశ చుట్టూనే తిరుగుతోంది.

బొమ్మకూ కొలతకూ తేడా ఏమిటో మా వృత్తిలో రోజూ చూస్తాం. రేడియేషన్ లెక్కలన్నీ మేము సీటీ స్కాన్ మీదనే కడతాం, ఎందుకంటే సీటీలో ప్రతి చుక్కకూ అర్థం ఉన్న ఒక అంకె ఉంటుంది. నీరు అంటే సున్నా, గాలి అంటే మైనస్ 1000. కర్నూలులో తీసినా కడపలో తీసినా అంతే. మామూలు ఎంఆర్ఐ చిత్రంలోని తెలుపు నలుపులకు అటువంటి అర్థం ఏదీ లేదు. తలకు తొడిగిన కాయిల్, ఆ రోజు యంత్రం పెట్టుకున్న సెట్టింగు, తల ఏ మూలకు ఒరిగింది అన్నవాటిని బట్టి అదే మెదడు ఒకరోజు 400 అని, ఇంకోరోజు 650 అని పలుకుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు తీసిన ఫొటోలు ఇప్పటికీ చాలామంది ఇళ్లలో ఉన్నాయి. ఆ ఫొటోలు ఎన్ని చూసినా నీళ్లు ఎన్ని అడుగులు వచ్చాయో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. మా మేనమామ ఇంటి గోడమీద బురద నీరు విడిచిన గీత ఉంది. దానికి టేపు పెట్టి కొలిస్తే అంగుళాలతో సహా తెలుస్తుంది. ఎంఆర్ఐలో మనకు కావలసింది ఆ గీత వంటిది.

అటువంటి గీతలు కొన్ని ఉన్నాయి. ఒక్కోచోట కణజాలం అయస్కాంత ఉద్రేకం నుంచి తేరుకోవడానికి పట్టే కాలాన్ని మిల్లీసెకన్లలో చెప్పే టీ1, టీ2 మ్యాపులు ఒక రకం. గడోలినియం నరంలోంచి దూసుకుపోతున్న ఆ కొద్ది సెకన్లలోనే పదేపదే చిత్రాలు తీసి, ఎక్కడ ఎంత రక్తం ఉందో లెక్కగట్టే పర్ఫ్యూజన్ ఇంకో రకం. బతికి పెరుగుతున్న కణితి కొత్త రక్తనాళాలను పుట్టిస్తుంది కనుక అక్కడ రక్తపు పరిమాణం ఎక్కువగా, చచ్చి కుళ్లుతున్న భాగంలో తక్కువగా ఉండాలన్నది దాని వెనుక ఉన్న తర్కం. అయితే నేను ఎక్కువ కాలం గడిపింది డిఫ్యూజన్‌తో. గడోలినియం అక్కరలేదు, నాలుగైదు నిమిషాలలో అయిపోతుంది, మా వంటి ఊళ్లలోని యంత్రాలు కూడా చేయగలవు.

డిఫ్యూజన్ కొలిచేది నీటి అణువుల సంచారాన్ని. స్వేచ్ఛగా ఉన్న నీటి అణువు నిలకడగా ఉండదు, తడబడుతూ తిరుగుతూ ఉంటుంది. శరీరపు వేడి దగ్గర, అడ్డంకులు లేని నీటిలో ఈ సంచారపు కొలత మిల్లీసెకనుకు సుమారు 3 చదరపు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆరోగ్యంగా ఉన్న మెదడు కణజాలంలో అది 0.7, 0.8 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అడుగడుగునా కణాల పొరలు అడ్డుపడతాయి. ఈ అంకెను ఏడీసీ అంటారు. యంత్రం అణువులకు ఇచ్చే వ్యవధి యాభై మిల్లీసెకన్లనుకుంటే అంతలో అవి తిరిగే దూరం పది మైక్రాన్ల దరిదాపుల్లో, అంటే దాదాపు ఒక కణం అంత ఉంటుంది. ఈ రకం స్కాన్‌లో రెండు మిల్లీమీటర్ల కంటే చిన్నదాన్ని సరిగా చూడలేని యంత్రం, ఈ దొడ్డిదారిన, కణాల ఇరుకు ఎంతో చెప్పగలుగుతోంది. ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడి తెలిసినవారికి దీన్ని వివరించడం సులువు. తడిసి ఉబ్బిన రేగడిలో నీరు అంగుళం దిగడానికి మొరాయిస్తుంది. అదే నేల ఎండి నెర్రెలు విచ్చితే బిందెడు నీళ్లు చూస్తుండగానే మాయమవుతాయి. కణాలు కిక్కిరిసిన కణితి తడిసిన రేగడి వంటిది, ఏడీసీ తక్కువ. కిరణాలకు కణాలు చచ్చి పొరలు చిట్లితే నెర్రెలు విచ్చినట్టే, ఏడీసీ పెరుగుతుంది. గడ్డ పరిమాణం మారడానికి వారాలు పడితే, ఈ నెర్రెలు అంతకుముందే కనిపించాలి.

సిద్ధాంతం ఇంత చక్కగా ఉన్నప్పుడు నా వంటివాడు ముందుగా అనుమానించవలసింది టేపునే. మా యంత్రం 1.1 అని చెబితే అది నిజంగా 1.1 అవునా? దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేని పరీక్ష ఒకటి ఉంది. సున్నా డిగ్రీల దగ్గర శుద్ధమైన నీటి ఏడీసీ 1.1, ప్రకృతి పెట్టిన ఈ అంకె ఏ ఊళ్లోనూ మారదు. మంచుగడ్డలు, నీళ్లు కలిపిన డబ్బా మధ్యలో డిస్టిల్డ్ వాటర్ గొట్టాన్ని నిలిపి స్కాన్ తీస్తే సరిపోతుంది. ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం, బయట ఎండ నిప్పులు చెరుగుతుండగా, ఐస్ ఫ్యాక్టరీ నుంచి అరదిమ్మె మంచు కొని, గోనెపట్టాలో చుట్టి స్కూటరు మీద తెచ్చాను. దాన్ని పగలగొట్టి వేయడానికి ఇంట్లో పెళ్లిళ్లకు వాడే పెద్ద స్టీలు క్యాను కూడా వెంట తీసుకుపోయాను. ఎంఆర్ఐ టెక్నీషియన్ తలుపు దగ్గరే రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అన్నా, దాన్ని లోపలికి తెచ్చినావంటే క్యానూ నువ్వూ కలిసి మిషనుకు అతుక్కుంటారు." అంతా తెలిసినవాణ్ణి, మంచు కరిగిపోతుందన్న కంగారులో స్టీలు సంగతి మరిచాను. చివరికి మందుల షాపు నుంచి థర్మాకోల్ డబ్బా తెప్పించాం.

మొదటి ఫలితం 1.4 వచ్చింది. నూటికి 27 వంతులు ఎక్కువ! యంత్రం పాడైపోయిందని తేల్చేసి, సర్వీసు ఇంజనీరుకు ఘాటుగా ఉత్తరం కూడా రాయడం మొదలుపెట్టాను. సగం రాసేసరికి గొట్టంలో థర్మామీటరు పెట్టి చూడాలన్న బుద్ధి పుట్టింది: 7 డిగ్రీలు. ఏడు డిగ్రీల నీటికి 1.4 అన్నది సరైన అంకె. గొట్టం చల్లబడకముందే, పది నిమిషాలకే స్కాన్ తీసిన తొందరపాటు నాది. యంత్రం నాకంటే నిజాయితీగా ఉంది. గంట పైన ఆగి తీస్తే 1.11 వచ్చింది. ఆ తర్వాతి వారాలలో 1.10, 1.12, 1.09. గొట్టాన్ని యంత్రం నడిమధ్య నుంచి పక్కకు జరిపితే మాత్రం అంకె పైకి జరిగింది. అయస్కాంత క్షేత్రపు వాలు అంచుల దగ్గర సరిగ్గా ఉండకపోవడమే దానికి కారణం. అప్పటి నుంచి ఒక నోటుపుస్తకంలో తేదీ, గొట్టం ఉన్న చోటు, ఉష్ణోగ్రత, ఏడీసీ అని నాలుగు గడులు గీసి ఉంచాను.

మనిషి తల మంచునీళ్ల డబ్బా కాదు. ఒకే మనిషికి, ఏ మార్పూ లేకుండా, రెండుసార్లు తీస్తే మెదడు ఏడీసీ కొలతలలో సహజంగా నూటికి 4 వంతుల ఊగిసలాట ఉంటుందని, కనుక రెండు స్కాన్ల మధ్య తేడా నూటికి 11 వంతులు దాటితేనే అది నిజమైన మార్పని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చునని కొలతల ప్రమాణాలను నిర్ణయించే నిపుణుల బృందం లెక్కగట్టింది. మూడో వారంలో కణితి ఏడీసీ 1.2 నుంచి 1.3కి పెరిగిందనుకుందాం. నూటికి 8 వంతులు. సంబరపడవచ్చునా? పడకూడదు. ఆ మార్పు టేపు వణుకులోనే కలిసిపోతుంది. నా దృష్టిలో ఈ 11 అన్న అంకె, ఈ రంగంలో వచ్చిన సగం వ్యాసాలకంటే విలువైనది.

సగటులో ఇంకో మోసం ఉంది. కణితిలో ఒక భాగం చచ్చి ఏడీసీ పెరిగి, ఇంకో భాగం కొత్త కణాలతో బిగుసుకుని ఏడీసీ తగ్గితే, సగటు ఉన్నచోటనే ఉంటుంది, ఏమీ జరగలేదనిపిస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ఈ చిక్కును విడదీసే పద్ధతిని ప్రచురించారు. చికిత్సకు ముందు తీసిన స్కాన్‌నూ, మూడో వారంలో తీసినదాన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చి, చుక్కకు చుక్క పోల్చారు. 0.55 కంటే ఎక్కువ పెరిగిన చుక్కలకు ఎరుపు, అంత తగ్గినవాటికి నీలం, మిగిలినవాటికి ఆకుపచ్చ వేశారు. రంగు మారిన చుక్కల వాటా ఎంత ఉందన్నదాన్ని బట్టి, ఎవరి కణితి చికిత్సకు లొంగుతుందో నెలల ముందే వేరుచేయగలిగామని వారు చూపించారు. మొదటి వ్యాసంలో 20 మంది రోగులు, అదే ఏడాది వచ్చిన రెండో వ్యాసంలో 34 మంది. తర్వాత, 2009లో, అదే బృందం రక్తపు పరిమాణం మీద కూడా ఇదే చుక్కల లెక్కను వేసింది.

ఇరవై ఏళ్లు గడిచాయి. అయినా ఆ ఎరుపు, నీలం చుక్కలను చూసి చికిత్స మార్చడం సామాన్య ఆచారం కాలేదు. ఎందుకు కాలేదన్నది నాకు ఆ పద్ధతి కంటే ఆసక్తికరం. మొదటి చిక్కు, రెండు స్కాన్లను చుక్కకు చుక్క కూర్చడమే. మెదడు పుర్రెలో కదలదంటారు గాని, శస్త్రచికిత్స వదిలిన గుంట మూడు వారాలలో కుంచించుకుపోవచ్చు, వాపు తగ్గి మెదడు మధ్యగీత జరుగుతుంది. నిన్నటి కణితి చుక్క మీద ఇవాళ్టి నీటి చుక్క పడితే పటం ఎర్రబడిపోతుంది, కణమేదీ చావకుండానే. రెండోది వాపు. వాపు నీరు కూడా ఏడీసీని పెంచుతుంది. తలనొప్పి తగ్గడానికి ఇచ్చే డెక్సామెథసోన్ మాత్ర ఆ వాపును లాగేస్తుంది, ఏడీసీ తగ్గుతుంది. అంటే మాత్ర మోతాదు మారిన వారంలో స్కాన్ తీసి, ఆ సంగతి రాసుకోకపోతే, మనం కొలిచింది కణితినా మాత్రనా చెప్పడం కష్టం. మూడోది, ఒక ఆసుపత్రి యంత్రం మీద కుదిరిన హద్దు ఇంకో యంత్రం మీద కుదరకపోవడం. పర్ఫ్యూజన్‌లో ఇది మరీ ఎక్కువ, ఒక్కో కేంద్రం ఒక్కో హద్దు చెబుతుంది.

కంప్యూటరుకు స్కాన్‌లోని వేల లక్షణాలు తినిపించి, కణితి భవిష్యత్తును చెప్పించే నమూనాలు ఇప్పుడు పుంఖానుపుంఖాలుగా వస్తున్నాయి. వాటిని నేను కొట్టిపారేయను. కానీ కొన్ని పదుల మంది రోగులు, వందల లక్షణాలు ఉన్నచోట ఎంతో కొంత పొంతన ఎప్పుడూ కుదురుతుంది. వేరే ఊరి వేరే యంత్రం మీద తీసిన స్కాన్ల మీద అదే నమూనా నిలబడిందా అన్న పేరా కోసం నేను ముందుగా వెదుకుతాను. ఆ పేరా లేని వ్యాసాలే ఎక్కువ.

ఆశ పుట్టించేది ఎంఆర్-లినాక్. ఎంఆర్ఐ యంత్రమూ, కిరణాలిచ్చే లినాక్ యంత్రమూ ఒకే గూటిలో ఉండే ఏర్పాటు ఇది, 1.5 టెస్లా అయస్కాంతంతో చేసిన యూనిటీ యంత్రం మీద నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో 2017లో మొదటి రోగికి చికిత్స జరిగింది. రోగి బల్లమీద పడుకున్న ప్రతిరోజూ కొలత తీయవచ్చు కనుక, ముందు ఒకటి, మూడో వారంలో ఒకటి అనే రెండు చుక్కల మధ్య గీత గీయవలసిన దురవస్థ పోతుంది. ముప్పై చుక్కలుంటే వణుకు ఏదో, వాలు ఏదో వేరుచేయడం సులువు. టొరంటోలోని సన్నీబ్రుక్ వంటి కేంద్రాలు చికిత్స మధ్యలో గ్లయోబ్లాస్టోమా ఆకారమూ స్థానమూ మారడాన్ని వరుస స్కాన్లతో కొలుస్తున్నాయి. లోటు కూడా ఉంది: ఈ జంట యంత్రంలోని గ్రేడియంట్ల, అంటే అయస్కాంత క్షేత్రానికి వాలు తెచ్చే చుట్టల, బలం మామూలు రోగనిర్ధారణ స్కానర్ల కంటే తక్కువ, కాబట్టి ఒక్కో కొలతలో వణుకు ఎక్కువ. నాకైతే గొప్ప కొలత ఒకటి కంటే, ఒక మోస్తరు కొలతలు ముప్పై ఉండడమే మేలనిపిస్తుంది.

మా దగ్గర అటువంటి యంత్రం లేదు. చికిత్సకు ముందు ఒక ఎంఆర్ఐ, ముగిశాక ఒకటి. మధ్యలో ఒకటి తీయాలంటే దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న మాట వస్తుంది. ముందుది కర్నూలులో, తర్వాతది హైదరాబాదులో తీయించుకున్న రోగులు ఎందరో. రెండు యంత్రాలు, రెండు సెట్టింగులు, మధ్యలో నేను. కనుక మా విభాగంలో చేయగలిగింది చిన్నది: అన్ని స్కాన్లూ వీలైనంతవరకు ఒకే యంత్రం మీద, ఒకే పద్ధతిలో తీయించమని అడగడం, ఫిల్ములతో సరిపెట్టకుండా సీడీ కూడా తీసుకోమనడం, ఎందుకంటే ఫిల్ములో మిగిలేది తెలుపు నలుపులు మాత్రమే, అంకెలన్నీ సీడీలో ఉంటాయి, డెక్సామెథసోన్ ఏ రోజు ఎన్ని మిల్లీగ్రాములు వేసుకున్నారో రాసి పెట్టుకోమని చెప్పడం. పత్తికొండ ఆమెకు కూడా, డాక్టరుగారి గదిలోంచి బయటికి వచ్చాక, ఈ మూడూ చెప్పాను. "రాసుకుంటే ఏమొస్తాది సార్" అని ఆమె అడగలేదు, తల ఊపి వెళ్లిపోయింది.

రెండు నెలల తర్వాత అదే యంత్రం మీద తీసిన స్కాన్‌తో వచ్చారు. రేడియాలజిస్టు ఈసారి వెలుగు తగ్గిందని రాశాడు. సీడీ పెట్టి చూశాను. ఆ చోట ఏడీసీ మునుపటి స్కాన్ కంటే నూటికి 20 వంతులకు పైనే పెరిగి ఉంది, అంటే 11 దాటింది. అయితే ఆ మధ్యలో డెక్సామెథసోన్ మోతాదు ఏమైనా మారిందా? అడిగేలోపే ఆమె చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడతపెట్టిన క్యాలెండరు కాగితాలు బయటికి లాగింది. ఎరువుల షాపు వాళ్లు పంచిన క్యాలెండరు అది. పౌర్ణమి, అమావాస్య గుర్తుల పక్కనే, ప్రతి గడిలోనూ బాల్ పెన్నుతో 8, 8, 8, 4, 4, 2 అని వరుసగా రాసి ఉంది. స్కాన్ తీసిన రోజుకు మూడు వారాల ముందు నుంచే అన్నీ సున్నాలు. మాత్ర మానితే వాపు తిరిగి వచ్చి ఏడీసీ పెరగవచ్చు, కనుక ఆ పెరుగుదలలో మాత్ర వాటా బొత్తిగా లేదనలేను, అయినా ఏ రోజు ఎంత వేసుకున్నారో ఇప్పుడు తెలుసు. క్యాలెండరును ఫొటో తీసుకుని, నా నోటుపుస్తకంలో ఐదో గడి గీశాను.